పావురాలు లేవకముందే

1999 ఎన్నికల ప్రకటన వెలువడిన వానాకాలంలో నాకు పుంగనూరు ప్రాంతానికి డ్యూటీ పడింది. అప్పటికి నేను జిల్లా సాయుధ రిజర్వులో ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్‌ని. ఆర్మరర్ అంటే తుపాకులను విప్పి, తుడిచి, బాగుచేసి, ఏది పేల్చడానికి పనికొస్తుందో ఏది పనికిరాదో తేల్చి చెప్పేవాడు. నా బడి చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా ఇంగ్లీషు మాన్యువళ్లను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి నేర్చుకున్నదే.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో జమ చేయాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో ఆ తుపాకులు చాలామటుకు పంట కాపలా కోసం ఇచ్చినవి. పందులకూ పావురాలకూ తప్ప వాటిని ఎవరి మీదా ఎత్తినవాళ్లు లేరు. ఓట్ల తేదీలు వేసే పెద్దమనుషులకు శనక్కాయ ఎప్పుడు విత్తుతారో తెలియదు. సరిగ్గా విత్తనం నేలలో పడిన వారంలో తుపాకులు తెచ్చి అప్పజెప్పమన్నారు. రైతులు తిట్టుకున్నారంటే తప్పు వాళ్లది కాదు. నాకు ఆ కోపం ఇప్పటికీ ఉంది.

మా వైపు పావురాలు బావుల్లో కాపురముంటాయి. బోర్లు వచ్చాక పాత బావులు ఎండిపోయాయి, ఎండిన ప్రతి బావీ పావురాల ఊరైంది. విత్తిన మరునాడు పొద్దున్నే గుంపుగా వచ్చి వాలి, సాళ్ల వెంబడి నడుస్తూ గింజ గింజా ఏరుకు తింటాయి. చట్టం ప్రకారం వాటిని చంపకూడదు, చప్పుడు చేసి తోలాలి. సీసపు గుళ్లు వేసి గాల్లోకి పేల్చే రైతును నేను చూడలేదు. చూడలేదన్న సంగతిని ఎవరికీ చెప్పనూ లేదు.

పెద్దపంజాణి దాటిన ఒక పల్లెలో రెడ్డెప్ప అనే రైతు తుపాకి మాత్రం గడువు దాటినా స్టేషన్‌కు రాలేదు. కానిస్టేబుల్ మస్తాన్‌ను తోడిచ్చి నన్ను పంపారు. మేము వెళ్లేసరికి తెల్లగా తెల్లవారింది. ఇంటికి తాళం. ఎదురింటావిడ పేడ కలుపుతూ తలెత్తకుండానే చెప్పింది.

"మొగుడూ పెండ్లామూ పావరాలకు కాపలా పోయినారు సారూ. మీరు తుపాకి కోసరమే గదా వచ్చుండేది? ఆయప్ప ఈడు. పెండ్లాన్నయినా ఇస్తాడు గానీ దాన్నియ్యడు."

చేను ఊరికి దగ్గరే. చుట్టూ నడుమెత్తు రాతికట్ట. మేము పక్క గట్టు మీదికి రాగానే కట్ట వెనక వాళ్లిద్దరూ కనిపించారు. ఎదురుగా చేనులో పావురాలు, నేల బూడిదరంగుకు తిరిగినంతగా. రెడ్డెప్ప పొంచి కూర్చుని వాటినే చూస్తున్నాడు. భార్య గంగులమ్మ తుపాకికి మందు దట్టిస్తోంది.

ఇక్కడ ఆ తుపాకి సంగతి కొంచెం చెప్పాలి. అది ఒంటి గొట్టం. మూతిలోంచి ముందు మందు పోస్తారు, దాని మీద కొబ్బరిపీచు ఉండ, పైన సీసపు గుళ్లు, మళ్లీ పీచు. అన్నిటినీ ఇనుప కడ్డీతో దట్టిస్తారు. అడుగున ఒక సన్నని బెజ్జం, దాని మీద రాగి టోపీ. సుత్తి పడితే టోపీ చిట్లుతుంది, నిప్పు బెజ్జంలోంచి మందుకు అందుతుంది. తూటా తుపాకిలాగా దీన్ని విప్పి చూడలేం. లోపల ఏముందో కడ్డీ ఒక్కటే చెబుతుంది. ఒక మోతాదు దట్టించాక కడ్డీ మూతి పైకి నాలుగు వేళ్లు నిలబడాలి.

గంగులమ్మ చేతిలో కడ్డీ జానెడు దాటి నిలబడి ఉంది.

ఒక మోతాదు మీద ఇంకొకటి, బహుశా మరొకటి. ఆ గొట్టం అంత మందుకు చేసినది కాదు. పేలితే గుళ్లు ముందుకు పోవు, గొట్టం వెనక చీలుతుంది. చీలే చోట రెడ్డెప్ప ఎడమచెయ్యీ చెంపా ఉంటాయి. భార్య అతని భుజం పక్కనే ఉంది. అలా చీలిన తుపాకులు నా బల్ల మీదికి వచ్చాయి. వాటి వెంట వచ్చిన మనుషులనూ చూశాను.

ఆమె కడ్డీ లాగి తుపాకి అందించింది. అతను టోపీ పెట్టాడు.

మస్తాన్ అరవడానికి నోరు తెరిచాడు. వాడి నోటికి అడ్డంగా చెయ్యి పెట్టాను. అరిస్తే పావురాలు లేస్తాయి. పావురాల కోసం పొద్దుటి నుంచి కాచుకున్నవాడు, అవి లేచాయంటే పోతున్న గుంపు మీదికైనా పేలుస్తాడు. అరవకపోతే అవి గుంపుగా దగ్గరికి చేరేదాకా ఆగుతాడు. నాకు ఉన్న వ్యవధి ఆ పావురాలు దగ్గరికి చేరేంత.

"ఈడనే ఉండు, కదలొద్దు" అని మస్తాన్ చెవిలో చెప్పి, చేను వైపు నుంచి వంగి రాతికట్ట నీడన నడిచాను. నడక అని రాస్తున్నాను గానీ చేతులు కూడా నేలను తాకాయి. చూపు పావురాల మీద పెడితే తుపాకి కనిపించదు, తుపాకి మీద పెడితే పావురాలు కనిపించవు. ఒక రాయి నా కాలి కింద కదిలింది. ఈ వైపు అంచున ఉన్న నాలుగైదు పావురాలు మెడలు ఎత్తాయి. మెడలు మళ్లీ దించాయి. కట్ట పైన సుత్తి వెనక్కి లాగిన 'టిక్' వినిపించింది.

కొత్త కానిస్టేబుళ్లకు నేను మొదట నేర్పే పాఠం ఒకటే: ఏ తుపాకికైనా మూతి ముందుకు పోవద్దు. ఆ పొద్దు నేను పోయి సరిగ్గా మూతి ముందే లేచి నిలబడ్డాను. ఎదురుగా మనిషి ఉంటే ఆ ఊళ్లో ఏ రైతూ పేల్చడు. నాకు మిగిలిన నమ్మకం అదొక్కటే.

రెక్కల చప్పుడుతో పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.

"ఎవుడ్రా అది అడ్డమొచ్చింది! కండ్లు యాడ పెట్టుకోనుండావు?" అని అరిచి, ఖాకీ చూసి గొంతు తగ్గించాడు. "యాల సార్ ఇట్ల సేస్తివి? తెల్లారినప్పట్నుంచీ కాసుకోనుండా."

వేలు మాత్రం మీట మీదే ఉంది.

"రెడ్డెప్పా, మూతి పైకెత్తు. వేలు తియ్యి. సుత్తిని బొటనవేలితో పట్టుకోని మెల్లగా దించు" అన్నాను. దించాడు. టోపీ తీయించి నా జేబులో వేసుకున్నాక గాని నేను కట్ట దాటలేదు.

"ఎన్నిసార్లు దట్టినావప్పా?"

"ఒక్కసారే సార్. నిన్న మాపున ఆయమ్మ దట్టింది, టోపీ చిట్లింది గానీ పేల్లేదు. ఈ పొద్దు ఇంగో టోపీ పెడితి, అదీ పేల్లేదు. సెమ్మ పట్టిందేమో అని ఇప్పుడు తుమ్మముల్లుతో బెజ్జం పొడిసినా. ఈ తూరి తప్పకుండా పేలతాది."

పేలేది. అదే నా భయం.

"ఇప్పుడు ఆమె ఏం దట్టిందో చూళ్లేదా?"

"నేను పావరాల్ని గదా సూస్తా ఉండేది!" అని భార్య వైపు తిరిగాడు. "ఏమే, మల్లా దట్టినావా?"

ఆమె అతని పెదవుల వైపు చూస్తోంది. అతను చెయ్యితో దట్టినట్టు చూపించి అడిగాడు.

"దట్టినా. నువ్వు పేలిస్తివి గదా. పావరాలు లేసిపోయ, నువ్వు తుపాకి కింద పెడితివి. పేల్సినంక దట్టేది నా పని గాదా?"

అప్పుడు అర్థమైంది. టోపీ చిట్లిన చిన్న చప్పుడుకే పావురాలు లేస్తాయి. పేల్చేటప్పుడు పొగ కళ్లలో పడకుండా ఆమె ముఖం తిప్పుకుంటుంది, మళ్లీ చూసేసరికి పావురాలు లేచి ఉంటే తుపాకి పేలిందని ఆమె లెక్క. పేలిన తుపాకికి దట్టడం ఆమె వంతు. పెళ్లయినప్పటి నుంచి అలాగే జరుగుతోంది. చప్పుడు ఆమె లెక్కలో లేదు, ఎందుకంటే ఆమెకు వినపడటం లేదు. ఏళ్ల తరబడి ఆ గొట్టం పక్కనే కూర్చుంటే చెవులు మిగలవు. ఇంట్లో ఆమె పెదవులూ ముఖాలూ చూసి మాట పోల్చుకుని నెట్టుకొచ్చింది. చేనులో పావురాలు బెదురుతాయని ఇద్దరూ సైగలతోనే మాట్లాడుకుంటారు, కాబట్టి అతనికి అక్కడా తెలియలేదు.

తుపాకిని నీళ్లతొట్టి దగ్గరికి తీసుకెళ్లి, మూతిలోంచీ బెజ్జంలోంచీ నీళ్లు పోసి మందు నానబెట్టాను. ఇద్దరినీ దూరంగా కూర్చోమన్నాను. కడ్డీ కొనకు మరమేకు బిగించి పీచు ఉండలను ఒక్కొక్కటిగా తిప్పి లాగాలి. తడి అందని మందు ఎక్కడైనా మిగిలి ఉంటే ఇనుము రాపిడి చాలు. మూతికి పక్కన నిలబడి, ముఖం తిప్పుకుని లాగాను. పీచు, గుళ్లు, నల్లటి బురద. మళ్లీ పీచు, గుళ్లు, బురద. మూడోసారి కూడా వచ్చింది. ఆపైన కడ్డీ అడుగుకు తగిలి ఖంగుమంది.

రెడ్డెప్ప ఆ మూడు కుప్పలనూ చూసి అక్కడే కూలబడ్డాడు.

"ఈ పాటికి నా మూతి ఆ కట్ట మింద ఉండేది గద సార్."

"ఏమంటాండాడు?" అని గంగులమ్మ నన్ను అడిగింది. నేను చేతులతో చూపించాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత మొగుడి వీపు మీద ఒక్కటి చరిచింది. "పేల్లేదని సెప్పేదానికి నీకు నోరు ల్యాదా?"

"సెప్తే వినపడతాదా నీకు?" అన్నాడు అతను. అన్నాక, తను ఏమన్నాడో తనకే అప్పుడు తెలిసినట్టు ఆమె ముఖం వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఉత్తర్వు ప్రకారం తుపాకిని స్టేషన్‌కు తెచ్చాను. మేము గట్టు దిగుతుంటే పావురాలు మళ్లీ చేనులో వాలుతున్నాయి. గంగులమ్మ డబ్బా రేకు తీసి కొట్టడం మొదలుపెట్టింది.

ఎన్నికలయ్యాక ఆ తుపాకి తిరిగి ఇచ్చే ముందు ఆకురాయితో కడ్డీకి రెండు గాట్లు పెట్టాను. గొట్టం ఖాళీగా ఉంటే పై గాటు మూతికి సరిపోతుంది, ఒక్క మోతాదు ఉంటే కింది గాటు. దట్టేముందు ఒకసారి, దట్టాక ఒకసారి చూడాలని గంగులమ్మ చేత చేయించి చూశాను. రెడ్డెప్పకు చెప్పవలసిన పని లేకపోయింది. అతను ఆమె చేతులనే చూస్తున్నాడు.

లైసెన్సు రెన్యువల్‌కు పోతే నంబరు చూస్తారు, పేరు చూస్తారు, ముద్ర వేస్తారు. మందు ఎవరు దట్టిస్తారని ఏ ఆఫీసులోనూ అడగరు. నేను రిటైరయ్యేదాకా అడిగాను. పైవాళ్లు నవ్వారు, నేను మానలేదు. తుపాకి తెచ్చిన ప్రతి రైతునూ, దట్టేవాళ్లు వేరే ఉంటే వెంటబెట్టుకుని రమ్మన్నాను. వచ్చినవాళ్లను వెనక నుంచి పేరుపెట్టి పిలిచాను. తిరిగి చూడని వాళ్ల తుపాకి కడ్డీకి గాట్లు పెట్టి ఇచ్చాను.