సందు వెడల్పు

ఇంకొకరు వేసిన ముడిని అప్పలరాముడు నమ్మడు. ఎవరైనా సగం బాగుచేసిన వల తెస్తే ముందు ప్రతి ముడినీ లాగి చూస్తాడు. ఊడితే తల ఊపుతాడు. ఊడకపోతే మళ్లీ లాగుతాడు.

జంగ్లీఘాట్ జెట్టీ నుంచి పడవలవాళ్లు చిరిగిన వలలు ఆయన దగ్గరికే తెస్తారు. చినుగు చూసి కారణం చెబుతాడు. పగడపు రాయి కోస్తే ఒకలా ఉంటుంది. నీళ్లలో తిరిగే ఇంజను ఫ్యాను కోస్తే ఇంకోలా ఉంటుంది. కత్తితో కోస్తే అంచు సూటిగా ఉంటుంది. అలాంటిది కనబడినప్పుడు వల కింద పెడతాడు. వల తెచ్చినవాడి ముఖం చూస్తాడు.

ఆరేళ్లప్పుడు పూడిమడక నుంచి తండ్రి వెంట ఈ దీవికి వచ్చాడు. విశాఖపట్నంలో ఓడ ఎక్కారు. రేపు దిగుతామని తండ్రి మూడు రోజులూ చెప్పాడు. మూడో రోజు చెప్పింది నిజమైంది. పెద్దయ్యాక ఇరవై ఏళ్లు వేటకు వెళ్లాడు. సునామీ రోజు జెట్టీలో కట్టి ఉంచిన పడవ ముక్కలైంది. మళ్లీ పడవ కొనలేదు. వలలు బాగుచేసే నూలు కండె పట్టుకున్నాడు. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు.

ఇల్లు బజారు వెనక, మెట్ట మీదికి ఎక్కే సందులో. మొత్తం పదకొండు ఇళ్లు. వల పరచాలంటే పొడవు కావాలి. ఇంట్లో అంత పొడవు లేదు, సందులో ఉంది. గోడకు కాస్త ఎడంగా నాలుగు కర్రలు పాతి, అడ్డంగా వెదురు కట్టాడు. దాన్ని వల దండెం అంటారు. మధ్యాహ్నం వల నాలుగిళ్ల ముందు దాకా సాగుతుంది. బడి నుంచి వచ్చే పిల్లలు వంగి దాని కింద నుంచి పోతారు. ఎవరూ ఏమీ అనరు.

బజారు మాత్రం పైకి పాకుతోంది. ముందు స్కూటర్లు వచ్చాయి. తర్వాత వండూర్ వెళ్లే టూరిస్టు వ్యాన్లు. సందు మొదట్లో ఆగి, వెనక్కి వెళ్లేటప్పుడు పాట పాడతాయి. అప్పలరాముడికి ఆ పాట మొత్తం వచ్చు. అది వినబడినప్పుడల్లా లేచి, డ్రైవరు ఎవరో చూసి, మళ్లీ కూర్చుంటాడు.

మాఘమాసంలో ఒక సాయంత్రం చంద్రమౌళి వచ్చాడు. బజారులో హార్డ్‌వేర్ దుకాణం అతనిది. వాళ్ల నాన్న, అప్పలరాముడు ఒకే పడవలో వేటకు వెళ్లేవారు. దుకాణం వెనక స్థలం ఈ సందు దాకా వస్తుంది.

"చిన్నాన్నా, ఎలా ఉన్నావ్?"

"ఉన్నాను. నీకేటి కావాల?"

"ఏమీ వద్దు. ఊరికే వచ్చా." దండెం వంక చూశాడు. "ఈ సందు ఎంత వెడల్పుంటుంది?"

"నీకెందుకు?"

"బస్, ఊరికే. వచ్చే సోమవారం ఆఫీసు వాళ్లు కొలవడానికి వస్తారట. టెన్షన్ మత్ లో, చిన్నాన్నా."

టెన్షన్ పడవద్దని చెప్పాకే అప్పలరాముడికి నిద్ర ఎగిరిపోయింది.

వారం రోజులు ఆలోచించాడు. కొలుస్తారు. సందు ఇరుకని రాస్తారు. ఇరుకైతే వెడల్పు చేయాలంటారు. వెడల్పు చేస్తే తన అరుగు పోతుంది, అరుగు వెనక గది పోతుంది. చంద్రమౌళి అందుకే పంపుతున్నాడు. కాబట్టి వాళ్లు వచ్చేసరికి సందు వెడల్పుగా కనబడాలి. ఎవరి గోడా ముట్టుకోవాల్సిన పని వాళ్లకు ఉండకూడదు.

ఎవరికీ చెప్పలేదు. ఎదురింటి జీవానందానికి అసలు చెప్పలేదు. ఓడల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, చర్చిలో పెద్ద. ఆఫీసుల్లో తిరిగినవాడు ఆఫీసుల వైపే ఉంటాడని అప్పలరాముడి నమ్మకం. ఆదివారం జీవానందం, భార్య కృపావతి ప్రార్థనకు వెళ్లాక, కర్రలు నాలుగూ పెరికి పెరట్లో దాచాడు.

"ఏటి మావా, వల ఎక్కడ ఆరేత్తావు?" అని భార్య కామమ్మ అడిగింది.

"రెండ్రోజులు ఆరెయ్యను."

"ఎవరికి భయపడి?"

"నోర్ముయ్యి. ఎదురింటోళ్లు ఇంటారు."

"ఆళ్లు గుళ్లో పాటలు పాడతన్నారు. ఆళ్ల పాట నీకినబడతాది గాని, నీ గొడవ ఆళ్లకినబడదు."

సోమవారం జెట్టీకి వెళ్లి తిరిగి వచ్చేసరికి సందు వేరే సందులా ఉంది. జీవానందం గోడ పక్కన నీళ్ల డ్రమ్ముల దిమ్మ లేదు. రెండు రోజులకోసారి వచ్చే నీళ్లు పట్టుకునే డ్రమ్ములు మూడూ గేటు లోపలికి వెళ్లాయి. శ్రీను స్కూటరు షెడ్డు రేకులు విప్పేశాడు. చివరింటి యర్రమ్మ దారిలోకి వాలిన అరటిచెట్టు నరికేసింది. గెల ఇంకా ముదరలేదు. ఎవరికి వాళ్లు తలుపుల్లో నిలబడి ఎదుటివాళ్ల గోడలు చూస్తున్నారు.

ఆఫీసు నుంచి కొలవడానికి వచ్చింది చిన్నపిల్లలా ఉన్న ఒక అమ్మాయి. చేతిలో టేపు లేదు. అరచేతిలో పట్టే పెట్టె ఉంది. అందులోంచి ఎర్రచుక్క ఎదుటి గోడ మీద పడింది.

"అంకుల్, థోడా హటియే," అంది.

ఆయన జరిగాడు. చుక్క ఆయన గోడ మీద నిలిచింది. ఆ పిల్ల మూడు చోట్ల కొలిచి రాసుకుంది. పది నిమిషాల్లో అయిపోయింది. ఎవరి గోడ మీదా గుర్తు పెట్టలేదు. ఆ రోజు అప్పలరాముడు కడుపునిండా తిన్నాడు.

నెల తర్వాత కరెంటు స్తంభానికి నోటీసు అంటించారు. ఇంగ్లీషులో, హిందీలో ఉంది. జీవానందం కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. అప్పలరాముడు ఆయన పెదాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"చంద్రమౌళి లాడ్జి కడతాడట. నాలుగంతస్తులు, ముప్పై రెండు గదులు. ముఖం బజారు వైపు, బళ్ల గేటు మన సందులోకి."

"మన సందులోకెందుకు?"

"బజారు వైపు బళ్లు నిలపడానికి చోటు లేదు కాబట్టి. దారి ఆరు మీటర్లుంటేనే గేటు ఇస్తారు. తక్కువైతే ఇవ్వరు." జీవానందం వేలు ఒక అంకె దగ్గర ఆగింది. "ఆరు పాయింట్ ఒకటి."

జీవానందం కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "నువ్వు దండెం ఎందుకు తీశావు?"

"నువ్వు డ్రమ్ములెందుకు తీసినావు?"

"గోడ పోతుందేమోనని."

"నాకూ అదే."

"చంద్రమౌళి అబద్ధం చెప్పలేదు. నన్నూ వెడల్పు ఎంతని అడిగాడు, అంతే."

"అదే మరి. అబద్ధం సెప్పుంటే పట్టుకుందును."

అభ్యంతరం చెప్పడానికి ముప్పై రోజులు గడువు. అప్పలరాముడు కర్రలు మళ్లీ పాతుతానన్నాడు. లాభం లేదన్నాడు జీవానందం. కొలత కాగితం మీదికి ఎక్కింది. ఆ రోజు సందు ఎందుకు అంత వెడల్పుగా ఉందో రాసి ఇవ్వాలి. ఎవరు ఎంత దారి వాడుకుంటున్నారో, ఏం తీశారో రాయాలి.

"అంటే దారి ఆక్రమించినామని మనమే సెప్పాలా?"

"చెప్పాలి."

"నానెందుకు సెప్తాను?"

ఇంటికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఐదు రోజులు జీవానందం వైపు చూడలేదు. రాసిస్తే రేపు దండెం ఎప్పటికీ వేయనివ్వరు. రాసివ్వకపోతే పగలూ రాత్రీ ముప్పై రెండు గదుల బళ్లు తన గుమ్మం ముందు తిరుగుతాయి. అప్పుడు వల పరచడానికి సందే ఉండదు. పని ఉండదు. ఇల్లు అమ్మమని చంద్రమౌళి వస్తాడు. చిన్నాన్నా అని పిలుస్తూ వస్తాడు.

ఆరో రోజు జీవానందమే ఉత్తరం రాసి తెచ్చాడు. మూడు పేజీలు. తెలుగులో చదివి వినిపించాడు. అప్పలరాముడు మళ్లీ చదవమన్నాడు. రెండోసారి కళ్లు మూసుకుని విన్నాడు.

"నా దండెం ఉంది. శ్రీను రేకులున్నాయి. యర్రమ్మ అరటిచెట్టు కూడా ఉంది. నీ డ్రమ్ములేయి?"

జీవానందం కాగితం వైపు చూశాడు. "అది చిన్న దిమ్మ. రాయక్కర్లేదనుకున్నాను."

"దిమ్మ సిన్నదా, నువ్వు పెద్దోడివా?"

"అప్పలరాముడూ, నేను పెన్షను మనిషిని. ఆఫీసులో నా పేరు మీద అలాంటి మాట..."

"నా పేరు మీదయితే పర్లేదా?"

కృపావతి గుమ్మంలోంచి వింటోంది. "రాయండి," అంది భర్తతో. "ఆయన అడిగింది తప్పేం కాదు."

రాయాలంటే కొలత కావాలి. కృపావతి బట్టలు కుట్టే టేపు తెచ్చింది. దిమ్మ ఉన్నచోట నేల తెల్లగా ఉంది. జీవానందం వంగి కొలిచాడు. ముప్పై అంగుళాలు. దండెం కర్రల గుంతల దగ్గరా ముప్పై వచ్చింది. రాయబోతుంటే అప్పలరాముడు ఆయన చెయ్యి పట్టుకుని, టేపు తీసుకుని, మొదటి కొస వెలుగులో పెట్టి చూశాడు.

"ఒకటో అంగుళం తెగిపోయింది. ఇది రెండో అంగుళం నుంచి మొదలు. నాది ఇరవైతొమ్మిది. నీదీ ఒకటి తియ్యి."

జీవానందం ఇద్దరివీ ఇరవైతొమ్మిది అని రాశాడు. అప్పలరాముడు తన పేరు మూడు నిమిషాలు పట్టి రాశాడు. కింద జీవానందం సంతకం పెట్టాడు. మిగతా ఇళ్లన్నీ తిరిగారు. యర్రమ్మ వేలిముద్ర వేసి, గెల సంగతి కూడా రాయమంది.

"రేపు ఆఫీసులో ఇచ్చేస్తాను," అన్నాడు జీవానందం.

"రేపు కాదు, ఇయ్యాలే. ఇద్దరం ఎల్దాం."

కాగితం అప్పలరాముడే మోశాడు. దారిలో జిరాక్సు తీయించి, అసలుతో పక్కపక్కన పెట్టి మూడు పేజీలూ చూశాడు. ఆఫీసులో గుమాస్తా చదువుతూ చదువుతూ తలెత్తాడు.

"అంకుల్, ఇది మీ మీద మీరే కంప్లైంట్ ఇచ్చుకున్నట్టుందే," అన్నాడు హిందీలో.

"మాలూమ్ హై. స్టాంప్ మారో," అని అప్పలరాముడు జిరాక్సు ముందుకు తోశాడు.

గుమాస్తా నవ్వి జిరాక్సు కాపీ మీద ముద్ర కొట్టాడు. అప్పలరాముడు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. తేదీ సరిగా పడలేదు. వెనక్కి వచ్చి మళ్లీ కొట్టించాడు.