రథచక్రం కింద చెక్క

ఏలూరు బైపాస్‌లో చేపల లారీ ఒకటి నన్ను రాసుకుంటూ పోయింది. ఐసునీళ్ళు చీర మీద చిందాయి. ఆ నీచువాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ వెంటనే మా ఇంగ్లీషు లెక్చరర్ వరలక్ష్మిగారు గుర్తొస్తారు.

కొల్లేటి లంక ఊరి నుంచి కాలేజీకి వచ్చినదాన్ని, ఇంగ్లీషంటే హడలు. ఒకరోజు పాఠంలో 'జగ్గర్నాట్' అనే మాట వచ్చింది. "అడ్డొచ్చినదాన్నల్లా తొక్కేసేది" అని గైడులో ఉన్నది అప్పజెప్పాను. ఆవిడ పుస్తకం ఠపీమని మూశారు.

"ఎవరనుకున్నావమ్మా అది? మన జగన్నాథుడు! పూరీ వచ్చిన తెల్లవాళ్ళు, భక్తులు మోక్షం కోసం కావాలని రథం కింద పడతారని కథలు ప్రచారం చేశారు. లోకానికి నాథుడు కాస్తా వాళ్ళ భాషలో మనుషుల్ని నలిపే బండైపోయాడు. ఇప్పుడు వాళ్ళ దేశంలో పెద్ద లారీలనీ అలాగే అంటారు. అత్తిలి దగ్గర మా ఊళ్ళో రథం చక్రాల కింద చెక్క వేసేది మా నాన్నగారే. ఊరంతా కలిసి లాగుతున్నా సరే, ఆయన చెక్క వేస్తే ఆగాల్సిందే. ఎవరి కాలూ నలగకూడదనేగా! అలా చెక్క వేసే మనిషి వాళ్ళ కంటికి ఆనలేదు."

ఆ ఏడే మా నాన్న చేపల చెరువు పని నుంచి సైకిల్ మీద వస్తుంటే చేపల లారీ గుద్ది చనిపోయాడు. బ్రేకులు పాడయ్యాయని చెప్పినా లారీ ఓనరు వినకుండా లోడు పంపాడని డ్రైవరే ఏడుస్తూ చెప్పాడు. కర్మలు కాకముందే ఆ ఓనరు పెద్దమనుషుల్ని వెంటేసుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"దైవ నిర్ణయం. మనమేం చేస్తామండీ? కేసులెందుకు?" అన్నాడు. పెద్దలు తలలూపారు. నేను వాళ్ళకి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

పరామర్శకు వచ్చిన వరలక్ష్మిగారు దిగ్గున లేచారు. "ఏవండీ, దేవుడి రథానికే చెక్క వేసి ఆపే మనిషిని పెట్టారు మనవాళ్ళు. మీరు బ్రేకుల్లేని లారీని రోడ్డెక్కించి దేవుడి మీదికి నెడతారా? తెల్లవాడు తెలీక అన్నాడు. మీకూ తెలీదా అండీ?"

అమ్మ గుమ్మంలోకి వచ్చి, "కేసు పెడతామండీ" అంది.

పెట్టాం. ఏళ్ళ తరబడి తిప్పారు. సాక్షులు మాట మార్చారు, ఆ డ్రైవరుతో సహా. ఓడిపోయాం. వాయిదాలకి మాతో వచ్చిన వరలక్ష్మిగారు తీర్పు రోజున ఇంటిదాకా తిడుతూనే ఉన్నారు. ఆవిడా ఇప్పుడు లేరు. మర్యాదగా మాట్లాడటం మా ఇంట్లో నేర్పారు, కోప్పడటం ఆవిడ నేర్పారు. మా నాన్న చావు విధిరాత అని ఎంత పెద్దవాళ్ళన్నా సరే, ఊరుకోను.

"కాదండీ," అంటాను. "చంపారు."