బల్ల మీంచి లేవని వీరుడు

సెలూన్ ఆయనకు దుకాణంలో రెండు కుర్చీలున్నా, ఒక్కదానిలోనూ కూర్చునే యోగం లేదు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా నిలువుకాళ్ల మీదే ఉంటాడు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకోవడమే ఆయనకు విశ్రాంతి. సాయంత్రం ఇంటికి రాగానే ఉబ్బిన పాదాలు వేణ్ణీళ్ల బకెట్లో పెట్టి, ఎప్పుడూ చూసే ఆ పాత చైనా కత్తియుద్ధం సినిమానే పెడతాడు. కొండదారి టీ అంగట్లో బల్ల మీద కూర్చున్న ముసలి కత్తివీరుణ్ణి దొంగలు చుట్టుముడతారు. చూరు మీంచి ఎగిరి దూకేవాళ్లను అతను ఒర కూడా తీయని కత్తితోనే పక్కకు తోసేస్తాడు. కప్పులో టీ తొణకదు. "చూశావా, లేవలేదు!" అంటాడు ఈయన భార్యతో, ఏదో తనే గెలిచినట్టు. "మీరూ లేవకండి, ఎవరొద్దన్నారు?" అందామె ఒకనాడు, తువ్వాలు ఒళ్లో పడేస్తూ.

ఆ మాట పట్టుకుని మర్నాడు మధ్యాహ్నం కుర్చీలో చతికిలబడి టీ గ్లాసు అందుకున్నాడు. అంతలో గడ్డం గీయించుకోవడానికి ఒక పెద్దమనిషి వచ్చి, "లేవయ్యా, తొందరగా పోవాలి," అన్నాడు. "టీ తాగనివ్వండి," అన్నాడు ఈయన, కళ్లు మూసుకునే. రెండో గుక్క గొంతు దిగకముందే కాళ్లు వాటంతటవే లేచి నిలబడ్డాయి. చెయ్యి కుర్చీ దులిపేసింది.

సాయంత్రం సంగతి విని భార్య నవ్వలేదు. బకెట్లో ఇంకో చెంబెడు వేణ్ణీళ్లు పోసి, "ఇంతకీ మీ ముసలాయన చివరికి గెలుస్తాడా?" అంది.

"ఏమోనే," అన్నాడు, కళ్లు అప్పటికే మూతలు పడుతుండగా. "అంతదాకా ఏనాడైనా మెలకువగా ఉన్నానా?"