పోయినవాళ్ళ గిన్నె

ఇటలీలో మా వెర్చెల్లి ఊరికి బస్సుల్లో వచ్చేవాళ్ళు జంట గోపురాల చర్చి చూస్తారు, పొగమంచులో వరి మళ్ళు చూస్తారు. కార్నివాల్ పండగ రోజైతే మా వాడకొచ్చి చిక్కుడు గింజలు తింటారు. తిననివ్వండి. నా కోపం వాళ్ళ మీద కాదు.

ఆ గింజలు వండింది మా మేనత్త ఒనొరీనా. పెళ్ళికి ముందు మోకాటి లోతు నీళ్ళలో వంగి కలుపు తీసింది. తర్వాత కాలువ తూములు చూసుకునే ఎవాజియో మామయ్యతో కాపురం. మాటల కన్నా అరుపులే ఎక్కువ. పిల్లలు లేరు. కార్నివాల్ రోజున మా వాడ ఉమ్మడి పెరట్లో రాగి గుండిగల కింద మంట వేసి, పంది కొవ్వూ సాసేజీ వేసి గింజలు ఉడికించేది. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకునేవారు. ఆ ఏడు ఎవరింట్లో మనిషి పోతే ఆ మనిషి గిన్నె ముందు నింపాలి. గరిటె అత్త చేతిలో ఉన్నన్నాళ్ళూ ఆ పద్ధతి తప్పలేదు.

మామయ్య పోయాక వచ్చిన కార్నివాల్‌కి ఆయన సత్తు గిన్నె తెచ్చి గుండిగ పక్కన పెట్టుకుంది. పండగ పెద్ద, మందుల కొట్టు గ్వాల్తియెరో వచ్చి, బస్సువాళ్ళకి టైమైపోతోందని, ముందు వాళ్ళకి పెట్టమన్నాడు.

"బస్సు పోతే ఇంకో బస్సు వస్తుందిరా. ఈ గిన్నె ఒక్కసారే వస్తుంది" అంది అత్త.

"నీ వంతు ఎక్కడికీ పోదుగా పిన్నీ. పెద్దదానివి, నువ్వే గొడవ పెడితే ఎలా?"

"మీ అమ్మ పోయిన ఏడు ఈ తెలివి ఏమైంది? గిన్నె పట్టుకుని నా పక్కన వెక్కిళ్ళు పెడుతూ నిలబడ్డావు. నిన్ను ఆగమన్నానా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వాడి ముఖం ఎర్రబడింది. అత్త చేతిలో గరిటె లాక్కుని పక్కవాడికిచ్చాడు. మేమంతా చూస్తూ నిలబడ్డాం. బస్సు వెళ్ళాక మామయ్య గిన్నెలో పడింది అడుగంటిన మాడు. అత్త ఇంటికి తెచ్చి, నల్లటి పెచ్చులతో సహా మొత్తం తినేసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. మళ్ళీ ఆ పెరట్లో అడుగు పెట్టలేదు. పిలవడానికి ఒక్కడూ రాలేదు.

మొన్న జనవరిలో అత్త పోయింది. ఆవిడ కూడా ఆ సత్తు గిన్నెలోనే తినేది. ఈ కార్నివాల్‌కి దాన్నే తీసుకెళ్ళాను. వరస ముందు తాడు కట్టారు. ఇప్పుడు గరిటె గ్వాల్తియెరో చేతిలోనే ఉంది. పక్కన కాగితం గిన్నెల దొంతరలు. నేను తాడు కింద నుంచి దూరి అత్త గిన్నె వాడి ముందు పెట్టాను. వాడు గుర్తుపట్టాడు.

"కాస్త ఆగు చెల్లీ, బస్సువాళ్ళు..."

"ఆగుతాను. పక్కకి మాత్రం జరగను."

వరస ఆగిపోయింది. వెనక చెలెస్తీనా ముసలమ్మ కోటు కింద నుంచి తన మొగుడి గిన్నె తీసింది. ఈ శీతాకాలంలోనే పోయాడాయన. దాన్ని తెచ్చి అత్త గిన్నె పక్కన పెట్టింది. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. మేం కదలలేదు.

గ్వాల్తియెరో తల వంచుకుని అత్త గిన్నె నింపాడు, అంచుల దాకా, పైనున్న మంచి గింజలతో. నేను వాడికి థాంక్స్ చెప్పలేదు.