నాలుగు మూలల మేకులు

కెనడా తూర్పు తీరాన హాలిఫాక్స్‌లో ఓ కాలేజీ మైదానానికి గీతలు గీసే ఎల్డన్ బూటిలియర్‌కి అరవై మూడేళ్ళు. ఆయన ఎడమ బూటు ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది, రంగు బండి అటువైపే కారుతుంది మరి. ఎక్కడికి నడిచినా గజాలు లెక్కపెడుతూనే నడుస్తాడు. కాఫీ కొట్టు దాకా రెండు వందల పద్నాలుగట. ఏడాది పొడుగునా సాకర్‌కి గీతలు గీస్తాడు కానీ, మనసంతా బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే కెనడా ఫుట్‌బాల్ మీదే. ఆ ఆట పెద్ద లీగులో ఈ ఊరికి జట్టు లేదు. "వచ్చే ఏడు వస్తుంది" అనే మాట మాత్రం ఆయన కుర్రతనం నుంచీ ఉంది. ఎప్పుడైనా ఓ వేసవిలో పడమటి నుంచి రెండు జట్లు వచ్చి, ఒక్క ఆట ఆడి పోతాయి. ఆ రోజు ఎల్డన్ రెండు జట్లకీ గొంతు పోయేలా అరుస్తాడు.

మొన్నటి ఆట అయ్యాక గీతలు కడిగేసి, కొలతల కోసం మూలల్లో దిగ్గొట్టిన నాలుగు ఇనప మేకులూ పీకెయ్యమన్నారు. చూసిపోదామని వచ్చిన పై అధికారి మార్లీన్, ఆయన సంచీ ఎత్తి ఊపింది.

"ఖాళీగా ఉందేంటయ్యా? మేకులేవీ?"

"ఇంకాస్త లోపలికి దిగ్గొట్టాను. గడ్డి కోసే బండికి తగలవులే."

"వచ్చే ఏడు ఆట వేరే ఊరికి ఇచ్చేశారు, తెలుసా? ఇక్కడ జట్టంటూ పెడితే నీ మనవలు చూస్తారేమో."

"తెలుసు. పాపం, అప్పుడు గీతలు గీసేవాళ్ళు మళ్ళీ మొదట్నుంచీ కొలుచుకోవాలా?"

మార్లీన్ మూలన మేకు మీద ఇంకా పైకి లేచి ఉన్న గడ్డి పెళ్ళని బూటుతో సర్ది, దాని మీద నిలబడి రెండుసార్లు గట్టిగా తొక్కింది.