లారీ నమూనాలో లోపలి చక్రం

మా ముత్తాత నరసింగరావు కల్వకుర్తి పక్కన పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత బగ్గీ వస్తుంటే జనం దారి వదిలి నిలబడేవారు. ఆ ఇంటివాణ్ణే నేను. 2018లో మహబూబ్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డులో వాహనాల నమూనాలు చేసేవాణ్ణి. బోర్డు మీద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాయించాను.

ఆ ఏడు ఒక డ్రైవింగ్ స్కూలు లారీ నమూనా అడిగింది. అసలు లారీలో పదో వంతు. మలుపులో చక్రాలు ఎలా నడుస్తాయో కొత్తవారికి చూపడానికి. నమూనా ఇవ్వాల్సిన రోజే పన్నెండు గంటలకు మొదటి తరగతి. వాళ్ల శిక్షకుడు సాయిలు సరే అంటేనే తీసుకుంటామన్నారు. నా పేరు పెట్టుకున్న పని వెనక్కి రావడం నేను భరించలేను.

ఆ రోజు సాయిలు తొమ్మిదింటికి వచ్చాడు. ముప్పై ఏళ్లు లారీ తోలినవాడు. వాళ్ల నాయిన మా బగ్గీ తోలేవాడు. గచ్చు మీద ముగ్గుపిండి పలచగా చల్లి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, లారీని నెట్టాడు. వెనుక టైర్ల జాడ శుభ్రంగా పడింది. ముందు టైర్లు పిండిని పక్కకు ఈడ్చాయి.

“దొరా, మలుపు దిక్కున్న లోపలి చక్రం దొర్లుతలేదు. రాసుకుంటాంది.”

“కొలిచి చేసిన సాయిలూ. రెండు చక్రాలు వెంట్రుకవాసి తేడా లేకుంట తిరుగుతున్నయి.”

“గదే తప్పు. గిది మీ తాత బగ్గీ అనుకున్నరా?”

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. నిజంగానే బగ్గీని తలచుకునే చేశాను. దాని ముందు చక్రాలు ఎంత తిరిగినా పక్కపక్కన సమంగా ఉండడం చిన్నప్పుడు చూశాను.

“నాకు నేర్పుతున్నవా?”

“నేనెవర్ని దొరా నేర్పెటందుకు? జర కిందికొంగి సూడుండ్రి. బగ్గీల ఇరుసంత తిరుగుతది. లారీల ఇరుసు కదలది, చక్రాలే తిరుగుతయి. లోపలి చక్రానిది చిన్న చుట్టు, బయటిదానిది పెద్ద చుట్టు. రెండు ఒక్కతీరుగ తిరిగితే ఎట్ల?”

మోకాళ్ల మీద కూర్చుని చూశాను. అతను చెప్పింది నిజం. అప్పటికి పది దాటింది.

ముందు చక్రం ఏ నిలువు మేకు మీద పక్కలకు తిరుగుతుందో అది కింగ్‌పిన్. అక్కడి నుంచి వెనక్కి వచ్చే చిన్న చేయి స్టీరింగ్ ఆర్మ్. రెండు చేతుల్నీ కలిపే కడ్డీ టై రాడ్. నేను ఆ ఇత్తడి చేతుల్ని తిన్నగా పెట్టాను. అవి కాస్త లోపలికి వాలాలి. వాటి గీతలను పొడిగిస్తే వెనుక ఇరుసు నడిమధ్యన కలవాలి. అప్పుడే లోపలి చక్రం ఎక్కువ తిరుగుతుంది.

సాయిలు వెనుక ఇరుసు మధ్యన దారం పట్టుకున్నాడు. నేను రెండో కొస కింగ్‌పిన్‌కు లాగి, ఇత్తడి చేతిని పట్టకారుతో వంచబోయాను.

“ఆగుండ్రి! కాల్చకుంట వంచితే ఇరుగుతది. ఇంకోటి ఉన్నదా?”

“లేదు.”

ఆ రెండు చేతుల్నీ లారీ నుంచి ఊడదీసి, కాల్చి, చల్లార్చి, దారం వెంట వచ్చేదాకా కొద్దికొద్దిగా వంచాను. టై రాడ్‌ను కోసి పొట్టి చేశాను. పదకొండున్నరకు మళ్లీ పిండి చల్లాం. ఈసారి నేనే నెట్టాను. నాలుగు జాడలు, నాలుగూ శుభ్రం.

“ఇగ నడువుండ్రి, తరగతికి యాళ్లయితాంది,” అంటూ సాయిలు లారీని ఎత్తుకున్నాడు.

జ్ఞాపకం కొలత కాదని ఆ రోజు నేర్చుకున్నాను. పిండి మీద నడపకుండా ఇప్పటికీ ఏ బండినీ బయటికి పంపను. బగ్గీ ఇరుసును ఒక్కసారి చూసివచ్చినా ఆ తప్పు చేసేవాణ్ణి కాదు. కానీ దాన్ని మా బాపు ఎప్పుడో కల్వకుర్తిలో పెళ్లి ఊరేగింపుల వాళ్లకు అమ్మేశాడు.