మూడు గాట్లు

ఇవాళ పొద్దున స్టీలు ట్రేలో సూదిలాంటి పళ్ళ ఫైలు పడి సన్నగా చప్పుడైంది. ఆబిడ్స్‌లో మేడమీది రెండు గదుల పళ్ళ క్లినిక్కు, భూతద్దం పట్టుకున్న రత్నకుమారి మేడమ్ గుర్తొచ్చారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, కొత్త డాక్టరుగా ఆమె దగ్గర చేరాను. మెదక్ మిషన్ కాంపౌండులో పెరిగిన మేడమ్ ఆదివారం చర్చి మానేవారు కాదు. నేనేమో సాయంత్రాలు నాంపల్లిలో హేతువాద సభలకెళ్ళి బాబాల గాలి తీసేవాణ్ణి. ఆమెను చూసి లోలోపల జాలిపడేవాణ్ణి కూడా.

రూట్ కెనాల్‌లో పంటివేరు లోపలి దారిని శుభ్రం చేసే ఫైలు, వంపుల్లో తిరిగి తిరిగి అలసి, ఒకనాడు చెప్పకుండా విరుగుతుంది. అందుకే ఒక పంటికి వాడగానే మేడమ్ ఫైలుకున్న రబ్బరు బిళ్ళకు బ్లేడుతో ఒక గాటు పెట్టేవారు. మూడు గాట్లు పడితే సాయంత్రం ప్లయరుతో తుంచి పారేసేవారు.

అప్పుడే బంగారు రంగు పూత ఫైళ్ళు వచ్చాయి. ఇక విరగవని సేల్స్‌మన్ ప్రమాణం చేశాడు. మేడమ్ కొన్నారు గాని, పీకేసిన పళ్ళలో వాటిని విరిగేదాకా తిప్పి, ముక్కలను భూతద్దం కింద చూశారు. పదును బాగానే నిలిచింది. బాగా వంపున్న పంటివేళ్ళలో మాత్రం అవీ మామూలు వాటిలాగే విరిగాయి. పూత పైన ఉంటుందని, వంగి అలిసేది లోపలి లోహమని చెప్పి, గాట్లు కొనసాగించారు.

ఒక మధ్యాహ్నం మేడమ్ భోజనానికెళ్ళారు. మొజంజాహీ మార్కెట్లో జామకాయలమ్మే యాదమ్మ దవడపంటికి నేను మూడు గాట్లు పడ్డ బంగారు రంగు ఫైలునే ఎక్కించాను. మెరుపు కాస్తయినా తగ్గలేదు కదా అనుకున్నాను. లోపల టిక్కుమంది. ఫైలు కొస విరిగి వేరులోనే ఉండిపోయింది.

మేడమ్ వచ్చి ఎక్స్‌రే చూశారు. యాదమ్మకు చెప్పకుండా పని ముగిద్దామని గొణిగాను. పక్కగదిలోకి పిలిచారు.

"దేవుణ్ణయితే రుజువు చూపియ్యమంటవ్. గీ రంగును అడగలేదేంది?" అన్నారు. "పో, ఆమెకు నువ్వే చెప్పు."

బంగారు రంగు ఫైలు ముక్క పంటిలో ఉండిపోయిందని చెప్పాను. యాదమ్మ దవడ పట్టుకుని లేచి కూర్చుంది.

"బంగారు పన్ను కట్టిచ్చుకునే తాహతు లేదనుకున్న. మీరు లోపల్నే వెట్టిన్రా సారూ," అంది. నవ్వకుండానే మళ్ళీ అడిగింది. "పన్ను ఉంటదా, పోతదా?"

"తెల్వదమ్మా. చూస్తం," అన్నారు మేడమ్.

గంటకు పైగా వంగి కూర్చుని, సన్నని చేతిఫైలుతో ముక్క పక్కనుంచి దారి వెతికారు. దొరికింది. పన్ను నిలిచింది.

సభల్లో ఎదుటివాడి నమ్మకాన్ని చీల్చి చెండాడడం నాకు బాగా వచ్చు. నాకు నచ్చినదాన్ని నిలదీయడం ఒక చర్చి మనిషి నేర్పాల్సి వచ్చింది. ఆమె దేవుణ్ణి నేను ఇప్పటికీ నమ్మను. ఆమె గాట్లను నమ్ముతాను, ఎందుకంటే అవి నన్ను నమ్మమని అడగలేదు.

ఇప్పుడు నీలం రంగు ఫైళ్ళు కూడా వచ్చాయి. ట్రేలో పడింది అలాంటిదే. బిళ్ళకు మూడో గాటు పెట్టాను. నిన్న కొన్నట్టే మెరుస్తోంది. ప్లయరు అందుకున్నాను.